మూడు క్రెడిట్లు

లెక్కలు గట్టెక్కాయి, కెమిస్ట్రీ గట్టెక్కింది.
ఇంకో మూడు క్రెడిట్లు తక్కువంటూ
కౌన్సెలర్ గోరుతో చూపించిన గడిలో
"నాటకాన్ని ఆస్వాదించడం, మొదటి పాఠాలు.
మంగళ, గురువారాలు, సాయంత్రం ఐదున్నర."
తేలికే, కూర్చుని చూడ్డమే అంది.

కూర్చోవడం వచ్చు నాకు.
చూడ్డం రాదని
నలభై నాలుగో ఏట, ఈరీ పట్నంలో,
సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతున్న నెలలో తెలిసింది.

ప్రొఫెసర్ క్వింబీ బోర్డు మీద రంగస్థలం గీసి
ఎడమ ఎటు అంది.
అందరం ఒకేవైపు చెయ్యి చాపాం.
మీ ఎడమ కాదు,
అక్కడ నిలబడి మీకేసి చూసేవాడి ఎడమ, అంది.
ఆ రాత్రి బస్సులో
ఎదురు సీటు ముసలాయన ఎడమచెయ్యి ఏదో
రెండు స్టాపులు ఆలోచించాను.

మీ వైపు నాటకాలెలా ఉంటాయని అడిగితే
మా మేనమామ చెప్పిందే చెప్పాను.
రాజు పద్యం పాడి చచ్చిపోతాడు,
జనం వన్స్ మోర్ అంటారు,
చచ్చిన రాజు లేచి, పంచె దులుపుకుని,
హార్మోనియం కేసి ఓసారి చూసి,
మళ్లీ రాగమెత్తుకుని మళ్లీ చస్తాడు.
క్లాసంతా నవ్వింది.
క్వింబీ నవ్వలేదు, బోర్డు మీద రాసుకుంది.
వెనక వరసలో టోబయస్ మాత్రం యథాప్రకారం నిద్ర.
పెన్నుతో పొడిచాను. అది నా అలవాటు.

ఒక నాటకం చూసి రెండు పేజీలు రాయాలి.
పాత బౌలింగ్ హాలుని మార్చి కట్టిన థియేటరు,
ఇల్లు అమ్ముకునే అక్కచెల్లెళ్ల కథ.
ఎవరేడ్చారో, ఎవరు తలుపు విసిరికొట్టారో
ఏదీ వదలకుండా రాశాను.
ఆకుపచ్చ సిరాతో తిరిగొచ్చింది:
"కథ చెప్పావు. ఏం చూశావు?"

శనివారం మళ్లీ వెళ్లాను.
విద్యార్థులకి ఐదు డాలర్లు.
రెండో రంగానికీ మూడో రంగానికీ మధ్య
దీపాలారిపోయాక కళ్లు మూసుకోలేదు.
నల్లచొక్కా ఒకటి వచ్చింది,
నేల మీద మినుకుమనే గోరంత టేపుని
కాలితో వెతుక్కుంది,
కుర్చీ దించింది, చప్పుడు లేదు.
కప్పు చెవిని అక్క కూర్చునే వైపు తిప్పింది.
పదకొండు సెకన్లు. లెక్కపెట్టాను.
వెళ్తూంటే మోకాలు కొద్దిగా ఈడ్చింది,
టోబయస్!

నేపథ్యమంటే ఇన్నాళ్లూ పేపర్లో మాటనుకున్నాను.
ఎన్నికల నేపథ్యంలో, వర్షాల నేపథ్యంలో,
ధరల నేపథ్యంలో.
అది నిజంగా ఒక చోటు.
తెర వెనక, చీకటిగా, మనుషులుండే చోటు.

రాత్రి పదకొండుకి నా డ్యూటీ.
ఆసుపత్రి బేస్‌మెంట్‌లో కత్తెర్లు కడుగుతాను,
పట్టకార్లు లెక్కపెట్టి, నీలిగుడ్డలో చుట్టి,
ఆవిరి పెట్టెలోకి తోస్తాను.
లిఫ్టు వాటిని పైకి తీసుకుపోతుంది.
పైనున్న గదిని ఇక్కడెవరూ థియేటరనరు,
నేనింకా ఆపరేషన్ థియేటరనే అంటాను.
ఎనిమిదేళ్లు. ఒక్క రోగి మొహమూ చూడలేదు.
డాక్టరు చూడకుండా చెయ్యి చాపితే
పిడి అందాల్సిన వైపుండాలి.
ఆవిడ వైపు. నా వైపు కాదు.

ఇదే రాశాను, రెండు పేజీలకి కొంచెం ఎక్కువ.
బి ప్లస్. స్పెల్లింగు తప్పులకి ఆకుపచ్చ సున్నాలు చుట్టింది.

చివర్లో అందరూ చేతులు పట్టుకుని వంగారు.
అతను రాలేదు.
నలభై మంది చప్పట్ల మధ్య
గొంతు దాకా వచ్చింది, వన్స్ మోర్ అని.
మింగేశాను.

మంగళవారం మళ్లీ నిద్రపోయాడు.
పొడవలేదు.
అందరూ కోట్లు వేసుకుంటుంటే వంగి, మెల్లిగా అన్నాను.
ఒక కన్ను తెరిచాడు. దేనికి?
ఆ కుర్చీకి.

బుగ్గ మీద నోట్‌బుక్ స్ప్రింగ్ అచ్చు,
కాసేపు ఆలోచించాడు.
శనివారమేనా నువ్వొచ్చింది, అన్నాడు,
ఆ రోజు రెండంగుళాలు పక్కకి పడింది.